నాకు లేని థైరాయిడ్

మందమర్రిలో మా చర్చి సంఘం వాళ్లు చలికాలం నుంచి వానలు పడేదాకా నా థైరాయిడ్ కోసం ప్రార్థన చేశారు. ఆదివారం ఆరాధనలో చేశారు, బుధవారం స్త్రీల కూడికలో చేశారు, ఎవరింట్లో పుట్టినరోజు కూడిక పెట్టుకున్నా చివర్లో నా పేరెత్తి చేశారు. వాళ్ల మనసు మంచిది, ప్రార్థన నిజమైనది. థైరాయిడ్ ఒక్కటే అబద్ధం. అది నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

నాకు వచ్చింది బడి జబ్బు. నేను బెల్లంపల్లి అవతల ఒక ఊళ్లో హైస్కూలు లెక్కల టీచర్ని. పేరు ఎస్తేరు రాణి. పిల్లల ముందు రాణి టీచర్, వెనక రౌడీ టీచర్. ఆ రెండో పేరు నాకు తెలియదని వాళ్ల నమ్మకం. నేనూ ఆ నమ్మకాన్ని చెడగొట్టలేదు, ఎందుకంటే నాకా పేరు ఇష్టం.

గడ్డు రోజులు దాటాయి కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. రాస్తుంటే నా కాళ్ల కింద నేల గట్టిగానే ఉందని నాకే తెలుస్తోంది. ఇంకో సంగతి కూడా ఉంది. పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని బస్టాండులో నిలబడి, ఈరోజు బస్సు రాకపోతే బాగుండునని లోలోపల కోరుకునే టీచర్లు చాలామంది ఉన్నారు. నేనూ అలా నిలబడ్డదాన్నే. వాళ్లలో ఒక్కరైనా నాకంటే తొందరగా డాక్టర్ గడప తొక్కితే చాలు.

దసరా సెలవుల తర్వాత

ఎప్పుడు మొదలైందని అడిగితే తారీఖు చెప్పలేను. దసరా సెలవులయ్యాక అని మాత్రం చెప్పగలను. ఆ సెలవుల్లో సగం రోజులు ఇల్లిల్లూ తిరిగే సర్వే పనిలో పోయాయి. బడి తెరిచేసరికి మా ఫిజిక్స్ సారుకు బదిలీ అయింది, కొత్తవాళ్లు రాలేదు. లెక్కలు, ఫిజిక్స్ అన్నదమ్ముల్లాంటివి కదా అని హెడ్మాస్టరు ఆ పాఠాలు కూడా నాకే ఇచ్చారు. సరే అన్నాను. అడిగిన ప్రతిదానికీ సరే అనడం నాకు అప్పట్లో గర్వంగా ఉండేది.

పాఠం చెప్పడం నాకు ఎన్నడూ బరువు కాలేదు. పాఠం చుట్టూ ఉన్న పని బరువైంది. అన్నం వండిన ఫొటో, గుడ్డు పెట్టిన ఫొటో, చీపురు పట్టిన ఫొటో, మొక్క నాటిన ఫొటో. పోయినేడు నాటిన మొక్క ఎంత పెరిగిందో ఇంకో ఫొటో, అది మేక తిన్నదని చెప్తే మేక తిన్నందుకు సంజాయిషీ. ఫోన్‌లో గ్రూపులు ఎన్నో నాకే లెక్క తెలియదు. ఫోను కుయ్యిమన్నప్పుడల్లా చేతిలో పని వదిలేసి, ఇప్పుడేం ఫొటో అడిగారోనని చూసేదాన్ని. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, పదో తరగతి ప్రత్యేక తరగతులు కూడా అప్పుడే మొదలయ్యాయి.

ముందుగా పాడైంది ఆదివారం. చర్చిలో రెండో పాట పాడే వేళకు, అయ్యో సగం ఆదివారం అయిపోయింది అనిపించేది. అయ్యగారు శాంతి గురించి ప్రసంగం చేస్తుంటే నేను సోమవారం పంపాల్సిన ఫొటోల గురించి ఆలోచించేదాన్ని. నిద్ర తగ్గింది. పిల్లల పేర్లు మరిచిపోవడం మొదలైంది. రౌడీ టీచర్ అరవడం కూడా మానేసింది, పిల్లలు అది చూసి సంతోషించారు. అరవడానికి కూడా ఓపిక ఉండాలని వాళ్లకేం తెలుసు.

జనవరి

ఆ రోజు తొమ్మిదో తరగతికి త్రిభుజాలు చెప్తున్నాను. రెండో బెంచీలో శ్రావణి అనే పిల్ల ఉంటుంది. ప్రశ్నల పుట్ట. దాని నోరు మూయించడం కంటే జవాబు చెప్పడమే తేలిక. బోర్డు మీద గీత గీస్తుంటే వెనకనుంచి దాని గొంతు వినిపించింది.

"టీచర్, గిది పరీక్షల వస్తదా?"

ఉద్యోగంలో చేరిన నాటినుంచీ వింటున్న ప్రశ్న ఇది. దీనికి నా దగ్గర అరిగిపోయిన జవాబు ఒకటి ఉంది. "వస్తే నీ అదృష్టం, రాకుంటే దిద్దేటోళ్ల అదృష్టం" అంటాను, తరగతి నవ్వుతుంది, నేను మళ్లీ బోర్డువైపు తిరుగుతాను. ఆ రోజు వెనక్కి తిరిగి నోరు తెరిచాను. ఏమీ రాలేదు. చేతిలో చాక్‌పీసు జారిపడింది. తీసుకుందామని వంగి, అట్లాగే నేల మీద కూర్చుండిపోయాను. లేవాలని తెలుసు, కాళ్లు కూడా బాగానే ఉన్నాయి. లేవడానికి ఒక కారణం కావాలి కదా, అది దొరకలేదు. కళ్లవెంట నీళ్లు కారుతుంటే, ఇవెవరివి అన్నట్టు చూస్తూ కూర్చున్నాను.

పక్క తరగతిలోంచి నసీమా మేడం పరుగెత్తుకొచ్చింది. ఆమె మా బడిలో హిందీ చెప్తుంది. మందమర్రి బజారులో వాళ్లకు బట్టల దుకాణం ఉంది, ఇద్దరం ఒకే బస్సులో పోయొస్తాం.

"జరగుండ్రి, గాలి రానియ్యుండ్రి," అని పిల్లల్ని పక్కకు తప్పించి నా ముందు తనూ నేల మీదే కూర్చుంది. "రాణీ మేడం, నన్ను చూడు. ఏం కాలేదు. జర నీళ్లు తాగు. లేవకు, తొందరేం లేదు, ఇద్దరం కూసుందాం."

ఆ "ఇద్దరం కూసుందాం" అన్న మాట నేను మరిచిపోలేను. తక్కినవాళ్లంతా లే లే అంటున్నారు. శ్రావణి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. దాని మొహం తెల్లగా పాలిపోయింది. అది చూసి కూడా నేను ఒక్క మాట అనలేకపోయాను.

ఇంటికి చేరేసరికి మా క్వార్టర్ల వాడలో వార్త పాకింది. మా అత్తమ్మ మార్తమ్మ సంఘంలో స్త్రీల సమాజానికి పెద్ద. ఎవరింట్లో ఎవరికి జ్వరం వచ్చినా మొదట తెలిసేది ఆమెకే. అలాంటి మనిషి ఇంట్లోనే కోడలు బళ్లో కూలబడి ఏడ్చిందంటే ఆమె ఏమని చెప్పుకుంటుంది? పక్క క్వార్టరు సుగుణక్క గడపలో నిలబడి "ఏమైందక్కా కోడలికి?" అని అడిగితే, అత్తమ్మ రెప్ప వేయకుండా "థైరాయిడ్ అట" అంది.

అప్పటికి నన్ను ఏ డాక్టరూ చూడలేదు. కానీ థైరాయిడ్ మర్యాదగల జబ్బు. మా సంఘంలో చాలామంది ఆడవాళ్లకు ఉంది, పొద్దున గోలీ వేసుకుంటారు, ఎవరూ ఎక్కువ ప్రశ్నలు అడగరు. సుగుణక్కకు కూడా ఉంది. ఆమె వెంటనే లోపలికొచ్చి నా పక్కన కూర్చుని, పథ్యమంతా చెప్పింది. "గోబిగడ్డ ముట్టకు రాణీ, థైరాయిడ్‌కు అది పడది" అని గట్టిగా చెప్పింది. గోబిగడ్డ అంటే క్యాబేజీ. నాకేమో కూరగాయలన్నిట్లో అదంటేనే ప్రాణం.

మంచిర్యాలలో రక్తపరీక్షలు చేయించారు. థైరాయిడ్‌తో సహా అన్నీ మామూలుగా ఉన్నాయి. మా ఆయన దయాకర్ బొగ్గుగనిలో ఎలక్ట్రీషియన్. రిపోర్టులు చూసి ముందు ఊపిరి పీల్చుకున్నాడు, తర్వాత కోపం తెచ్చుకున్నాడు.

"అన్ని మంచిగనే ఉన్నయట. మరి గిట్లెందుకున్నవ్? మేం భూమి లోపలికి దిగి పని చేసొస్తం. నీది నీడపట్టున ఫ్యాను కింద పని. మాకు లేని రంది నీకెందుకే?"

ఆయన చెడ్డవాడు కాడు. బొగ్గుబాయి ఊళ్లలో కష్టమంటే కనబడాలి. ఒళ్లంతా నల్లబడాలి, నడుం పట్టెయ్యాలి, చెయ్యి నుజ్జవ్వాలి. తెల్లచీర కట్టుకుని పోయి తెల్లచీరతోనే తిరిగొచ్చే మనిషికి కష్టం ఎక్కడుందని వాళ్లకు నిజంగానే అర్థం కాదు. అయినా ఆ మాట నాకు బాగా గుచ్చుకుంది. ఆ రోజే నేను ఉద్యోగం మానేస్తానని చెప్పాను. కోపంతో అన్నమాట కాదు. మళ్లీ ఒక తరగతి ముందు నిలబడడం నావల్ల కాదని నాకు ఖాయంగా అనిపించింది.

అత్తమ్మ మాత్రం తన పని తాను చేసుకుపోయింది. రిపోర్టులో లేని థైరాయిడ్‌కు పథ్యం మొదలుపెట్టింది. మా ఆయన డబ్బాలోకి క్యాబేజీ కూర వండుతుంది, నేను గిన్నె మూత తీస్తే చేతి మీద కొడుతుంది.

"అత్తమ్మా, నాకు థైరాయిడ్ లేదు గదా."

"నాకు తెల్వదా? వాడకు తెల్వది. సుగుణ ఎప్పుడు లోపలికొస్తదో ఏమో, నువ్వు గోబిగడ్డ తినుకుంట దొరికితే నా ముఖం ఏడ వెట్టుకోవాలె?"

శ్రమల దినాలు

ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాసాల రోజుల్ని మేం శ్రమల దినాలంటాం. ఆ ఏడు నాకు పేరు సరిపోయింది. సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను, అయినా పొద్దున బడి వేళకు ఒళ్లంతా చెమట పట్టేది. స్నానం చేయడం ఒక పెద్ద పని అయింది. కిటికీ దగ్గర కూర్చుంటే మధ్యాహ్నం అయ్యేది, లేస్తే మళ్లీ అక్కడికే వచ్చేదాన్ని.

మా అమ్మాయి ప్రిసిల్లా కరీంనగర్‌లో నర్సింగ్ చదువుతుంది. హాస్టల్ నుంచి ఇంటికొచ్చి, ఒక పూటంతా నన్ను ఊరికే చూసింది. సాయంత్రం చాయ్ తాగేటప్పుడు వాళ్ల నాన్నతో అంది.

"డాడీ, రక్తంల దొరకని జబ్బులు కూడ ఉంటయి. మమ్మీని మనసు డాక్టర్ దగ్గరికి తీస్కపోవాలె. నేను అపాయింట్‌మెంట్ తీస్కుంట."

అత్తమ్మ గిన్నెలు తోముతున్నది ఆపేసింది. "పిచ్చోళ్ల డాక్టర్ కాడికా? ఎవలన్న చూస్తే రేపు దీన్ని బడిల అడుగు పెట్టనిస్తరా? పిల్లల్ని పంపిస్తరా?"

ఆమెకు నా ఉద్యోగం పోతుందని భయం. నాకు ఉద్యోగం ఉంటుందని భయం. మా ఇద్దరి మధ్య మా ఆయన నైట్ షిఫ్టు దిగి, స్నానం చేసి, నిద్ర పోకుండానే నాతో కరీంనగర్ బస్సెక్కాడు. దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. పెద్దపల్లిలో బస్సు ఆగితే దిగి, నాకిష్టమని జామకాయలు కొనుక్కొచ్చి ఒళ్లో పెట్టాడు.

ఆ ఆసుపత్రి వరండా గురించి చెప్పాలి. అక్కడ కూర్చున్నవాళ్లంతా వేరేవాళ్ల కోసం వచ్చినట్టు కూర్చుంటారు. ఒకామె చున్నీతో ముక్కుదాకా కప్పుకుంది. ఒకాయన పేపరు అడ్డం పెట్టుకున్నాడు, చదువుతున్నట్టు లేదు, పేజీ తిప్పడం లేదు. నేను పళ్లడాక్టర్ గుమ్మం అనుకుని పొరపాటున వచ్చినదానిలాగా మొహం పెట్టాను. ఇంతలో ఎవరిదో చిన్నపిల్ల కుర్చీల మధ్య పరుగులు పెడుతూ నీళ్ల క్యాను మీద పడబోయింది.

"ఏయ్, కూసో."

ఆ మాట ఒక్క నోటినుంచి రాలేదు. నేను, ఆ చున్నీ ఆమె, ఆ పేపరు ఆయన, ముగ్గురం ఒకేసారి, ఒకే గొంతుతో అన్నాం. పిల్ల ఎక్కడిదక్కడ కూర్చుంది. దాని తల్లి కూడా సర్దుకుని కూర్చుంది. ముగ్గురం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. అలాంటి గొంతు ఒక్క చోటే తయారవుతుంది.

"ఏం సబ్జెక్టు?" అని చున్నీ ఆమె నన్ను అడిగింది.

"లెక్కలు. మీరు?"

"సోషల్. ఆదిలాబాద్ దిక్కు నుంచొచ్చిన."

పేపరు ఆయన తన పేపరు మడిచి పక్కన పెట్టాడు. "తెలుగు. జగిత్యాల దిక్కు. ఇగ దాచేటందుకు ఏమున్నది."

ముగ్గురం నవ్వాం. ఆపుకోలేక నవ్వాం, మందుల చీటీలు రాసే అబ్బాయి తలెత్తి చూసేదాకా నవ్వాం. జనవరి తర్వాత నేను నవ్వడం అదే మొదలు. మా ఆయన పక్కనుంచి నన్నే చూస్తున్నాడు. తిరుగు బస్సులో ఆయనకు మాట వచ్చింది.

"ముగ్గురు గూడ టీచర్లేనా?"

"ఆఁ."

"అయితే నీ ఒక్కదానికే కాదన్నట్టు." కిటికీవైపు తిరిగి, "నేను గట్ల అనకుండ ఉండాల్సింది," అన్నాడు. మా ఇంట్లో దాన్ని క్షమాపణ అంటారు. అంతకంటే పెద్దది నేను ఆశించలేదు.

డాక్టరమ్మ నా వయసుదే. ఎక్కువ వింది, తక్కువ రాసింది. పనితో మనిషి ఇలా లోపల ఖాళీ అయిపోవడాన్ని బర్నౌట్ అంటారని, దాన్ని పట్టించుకోకపోవడంతో పక్కనే డిప్రెషన్ వచ్చి కూర్చుందని, రెండూ నయమవుతాయని చెప్పింది. నేను ఉద్యోగం మానేస్తున్నానని చెప్పాను.

"మానేస్తే మానేద్దురు. ఇప్పుడు మాత్రం తేల్చకుండ్రి. కాలు ఇరిగినప్పుడు పరుగుపందెం గురించి ఎవరన్న ఆలోచిస్తరా? బడి తెరిచే ముందట మళ్ల మాట్లాడుకుందాం."

మందులిచ్చింది, మాట్లాడడానికి వారం వారం రమ్మంది. ఇంటికొచ్చాక మా ఆయన నా ఫోన్ తీసుకుని, తువ్వాలలో చుట్టి, బియ్యం డబ్బాలో పెట్టి మూతేశాడు. సెలవులో ఉన్నా గ్రూపులు నన్ను వదల్లేదు. రెండు రోజులు బియ్యంలోంచి కుయ్యికుయ్యి వినిపించింది. తర్వాత ఛార్జింగ్ అయిపోయింది, ఇంట్లో అంత నిశ్శబ్దం నాకు కొత్తగా అనిపించింది.

ఎండాకాలం

మందు వేసుకోగానే బాగయిందని చెప్పను. మొదట్లో నోరెండిపోయింది, మత్తుగా ఉంది, ఇదేం మందని విసుక్కున్నాను. డాక్టరమ్మ ఓపిక పట్టమంది, మోతాదు మార్చింది. తర్వాత ఒకనాడు నిద్ర పట్టింది. ఇంకొకనాడు పొద్దున్నే లేచి ముగ్గు వేశాను, క్రైస్తవులకు ముగ్గేంటని అత్తమ్మ సణిగింది. త్రిభుజాలు గీస్తున్నాను, ముగ్గు కాదు అన్నాను.

నసీమా మేడం రోజూ సాయంత్రం మా ఆయన ఫోనుకు చేసేది. మా మధ్య ఒక ఒప్పందం ఉంది. బడి మాట ఎత్తకూడదు. ఆమె టైలర్‌తో పడ్డ గొడవ చెప్పేది, వాళ్లింట్లో హలీం మాడిన సంగతి చెప్పేది. ఒకరోజు మాత్రం తనే ఒప్పందం తప్పింది.

"ఒక్క మాట చెప్త, ఏమనుకోకు. గా శ్రావణి లేదా, గా పిల్ల ఇప్పుడు నోరు తెరుస్త లేదు. ఏ క్లాసుల గూడ ఏం అడుగుత లేదు. తన ప్రశ్నకే నువ్వు పడ్డవని ఫికర్ పెట్టుకున్నట్టున్నది. గందుకే పిల్లలందరికి చెప్పిన, మీ టీచర్‌కు థైరాయిడ్, వేరే ఏం లేదని. మీ అత్తమ్మ ఫోన్ల అదే చెప్పింది గదా."

అప్పటిదాకా ఆ థైరాయిడ్ మీద నాకు చికాకుగా ఉండేది. ఆ రోజు మాత్రం పోనీలే అనుకున్నాను. ఒక పిల్ల గుండె మీద బరువు తీస్తే అబద్ధమైనా ఉండనీ అనిపించింది. కానీ శ్రావణి గోడకానుకున్న మొహం అప్పటినుంచి నా వెంటబడింది. ఉద్యోగం మానేయడానికి నాకు సవాలక్ష కారణాలున్నాయి. తిరిగి పోవడానికి దొరికిన మొదటి కారణం ఆ మొహమే.

ఈస్టర్ ఆరాధనలో అయ్యగారు "మా సహోదరి కంఠమందలి గ్రంథిని ముట్టి స్వస్థపరచుము" అని నా పేరెత్తి ప్రార్థించారు. నాకు లోపల్నుంచి నవ్వు తన్నుకొచ్చింది. తల వంచుకుని భుజాలు కదలకుండా చూసుకుంటుంటే అత్తమ్మ తొడ మీద గిల్లింది. వెనక వరసవాళ్లు నేను ఏడుస్తున్నానని ఇంకా గట్టిగా ఆమెన్ అన్నారు. తర్వాత సంఘమంతా కలిసి తినే ప్రేమవిందులో క్యాబేజీ కూర వడ్డిస్తుంటే నా ఆకు మీద అత్తమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. తన ఆకులో పడ్డదాన్ని కూడా పక్కకు తోసింది. ఆమెకు పంటినొప్పేమో అనుకున్నాను.

బడి తెరిచే ముందు డాక్టరమ్మ మళ్లీ అడిగింది. పోతాను, కానీ పాతలాగా పోను అన్నాను. ఆ మాట అన్నది నేనేనా అని నాకే ఆశ్చర్యమైంది.

జూన్

బడి తెరిచిన రోజు స్టాఫ్‌రూంలో నిలబడి హెడ్మాస్టరుతో చెప్పాను. "సార్, లెక్కలు ఎన్ని క్లాసులైన చెప్త. ఫిజిక్స్ చెప్ప. ఫొటోల పని అందరికి పంచుండ్రి. సాయంత్రం ఇంటికి పోయినంక ఫోన్ చూడ." ఆయన ఏదో అనబోయేలోపే నసీమా మేడం "గుడ్డు ఫొటో నాకియ్యుండ్రి సార్, నేను మంచిగ తీస్త" అంది. ఇంకొకరు మొక్కల ఫొటో అందుకున్నారు. ఇన్నాళ్లు ఎవరూ తీసుకోలేదని నేను బాధపడ్డాను, నేనెప్పుడూ ఇవ్వలేదన్న సంగతి నాకు తట్టలేదు. ఫిజిక్స్‌కు మాత్రం ఇప్పటికీ సారు రాలేదు. ఆ రంది నాది కాదని నేర్చుకుంటున్నాను.

జనవరి నాటి తొమ్మిదో తరగతి పిల్లలు ఇప్పుడు పదిలోకి వచ్చారు, వాళ్ల గుమ్మం దగ్గర ఒక్క నిమిషం ఆగాను. అయినా కాళ్లు లోపలికే నడిచాయి. పాఠం బాగానే నడిచింది. బాగా అంటే మరీ నిశ్శబ్దంగా నడిచింది. శ్రావణి రెండో బెంచీ వదిలి చివరి బెంచీకి పోయింది. ఒక్కరూ ప్రశ్న అడగలేదు. పిల్లలు నన్ను గాజుబొమ్మను చూసినట్టు చూస్తున్నారు.

గంట కొట్టాక శ్రావణిని ఆపాను.

"ఎందుకు చివరికి పోయినవ్? నాకు థైరాయిడ్ వచ్చి పడ్డ. నసీమా మేడం చెప్పింది గదా. నీ తప్పేం లేదు."

అది చున్నీ అంచు వేలికి చుట్టుకుంది. తర్వాత తలెత్తకుండానే అంది.

"మా అమ్మకు థైరాయిడ్ ఉన్నది టీచర్. పొద్దుగాల గోలీ ఏసుకొని కలుపుకు పోతది, పత్తి ఏర పోతది. ఒక్కనాడు గూడ గట్ల కూలవడలే." చున్నీ అంచు వదిలేసింది. "నేను అడిగినంకనే మీరు పడ్డరు."

ఇన్ని నెలలూ ఆ అబద్ధం ఒక్కరోజు కూడా ఈ పిల్లను కాపాడలేదు. మేం పెద్దవాళ్లం మా మర్యాద కాపాడుకున్నాం, అది ఒక్కతీ తప్పు మోసింది. ఇక దాచడంలో అర్థం లేదు.

"ఇట్ల కూసో," అని పక్కన బెంచీ చూపించాను. "నాకు థైరాయిడ్ లేదు. మనసుకు జబ్బు చేసింది. పని మీద పని, నిద్ర లేదు, ఎవరికి చెప్పుకోలే. కరీంనగర్‌ల డాక్టర్ దగ్గరికి పోతున్న, గోలీలు ఏసుకుంటున్న. ఇంకా ఏసుకుంటనే ఉన్న. బస్సు దారిల ఆగిపోతది సూడు, అప్పుడు ఆఖరికి ఎక్కినోళ్లది తప్పంటరా? అది డిపోల నుంచే చెడిపోయి వచ్చింది. నువ్వు ఆఖరికి ఎక్కినవ్, గంతే."

కళ్లు తుడుచుకుంది. "అయితే మీరు బస్సా టీచర్?"

"ఇప్పుడు రిపేరైన బస్సు. పో, క్లాసుకు పో."

మర్నాడు అది రెండో బెంచీలో ఉంది. నేను బోర్డు వైపు తిరిగి లెక్క వేస్తున్నాను. వెనకనుంచి చిన్నగా వినిపించింది.

"టీచర్, గిది పరీక్షల వస్తదా?"

నేను వెనక్కి తిరిగాను. "వస్తే నీ అదృష్టం," అన్నాను. తక్కింది నన్ను చెప్పనివ్వలేదు. "రాకుంటే దిద్దేటోళ్ల అదృష్టం" అని తరగతి మొత్తం అరిచింది. నసీమా మేడం పక్క తరగతిలోంచి తొంగిచూసి, ఎవరూ నేల మీద లేరని చూసుకుని వెళ్లిపోయింది.

ఆ వచ్చే ఆదివారమే అత్తమ్మ ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టింది. జబ్బునుంచి లేచినవాళ్లు అందరిముందు నిలబడి సాక్ష్యం చెప్పడం మాలో ఆనవాయితీ. క్వార్టర్ ముందు టెంటు వేశారు, బగారన్నం, కోడికూర, క్యాబేజీ కూర వండించారు. పాటలయ్యాక అయ్యగారు నన్ను లేవమన్నారు. అత్తమ్మ నావైపు చూసింది. ఆ చూపులో "రెండు ముక్కలు చెప్పి కూసో" అని ఉంది.

"నాకు థైరాయిడ్ లేదు," అన్నాను.

శ్రావణికి చెప్పినట్టే చెప్పాను, బస్సు మాట ఒక్కటి తప్ప. డాక్టరు సంగతి, గోలీల సంగతి దాచలేదు. దేవుడికి స్తోత్రం, డాక్టరమ్మకు, నసీమా మేడంకు, మా ఆయనకు వందనాలు అని ముగించాను. సుగుణక్క నోరు తెరిచింది.

"మరి గిన్ని నెలలు మేం థైరాయిడ్ కోసం మోకాళ్లేసింది..."

అత్తమ్మ చాప మీదనుంచి లేచింది. డెబ్బై దాటిన మనిషి, మోకాళ్లు పట్టుకుని లేవడానికి సమయం పట్టింది. ఆ కాసేపు నేను నిజంగా భయపడ్డాను.

"అబద్దం నాది," అంది. "జబ్బు దానిది. మన దేవునికి జబ్బు పేరు తప్పు చెప్పిన గాని, ఇంటి నంబరు తప్పు చెప్పలే. దాన్ని ఎవలు ఏమనకుండ్రి. అయ్యగారూ, పాట అందుకోండి."

పాట అందుకున్నారు. అయ్యగారి భార్య ప్రైవేటు బడిలో టీచరు. భోజనాల దగ్గర నా పక్కకు జరిగి, చెయ్యి పట్టుకుని, "కరీంనగర్‌ల ఏ వాడల ఉంటది రాణక్కా, గా డాక్టరమ్మ?" అని మెల్లగా అడిగింది. చెప్పాను. తోడు రమ్మంటే వస్తానని కూడా చెప్పాను.

అత్తమ్మ గరిటె పట్టుకుని వరసలో వడ్డించుకుంటూ వచ్చింది. నా ఆకు దగ్గర ఆగి, నిండు గరిటెడు క్యాబేజీ కూర వేసింది. నేను చాలనకముందే ఇంకో గరిటె వేసింది.

"తిను బిడ్డా. జనవరి సంది నేను గూడ ముట్టలే."

"నువ్వెందుకు మానినవ్ అత్తమ్మా?"

"జబ్బు పేరు అబద్దం చెప్పిన. నువ్వు మంచిగయ్యేదాక ముట్టనని మొక్కుకున్న, గా మొక్కు గూడ అబద్దమైతే ఎట్ల?" అని ముందుకు కదలబోయింది.

నేను ఆమె చేతిలోంచి గరిటె తీసుకుని, పక్కన చాప మీద కూర్చోబెట్టి, ఆమె ఆకులో వడ్డించాను.